పదకొండు నిమిషాల మార్జిను

విసుగును నిర్ధారించు అధికారము గలవారు ఎవరైతే వారి సముఖమునకు,

అయ్యా, లేక అమ్మా,

ఏ సినిమా విసుగు, ఏది కాదు అని తేల్చే అధికారం ఈ లోకంలో ఏ కార్యాలయానికి ఉన్నదో ఎంత విచారించినా తెలియరానందున, ఈ కట్టను చిరునామా లేకుండానే సమర్పించుకుంటున్నాను. ఇందులో ఒక అక్కకూ తమ్ముడికీ మధ్య మూడు నెలలపాటు నడిచిన ఉత్తరాలున్నవి. అక్క, అనగా ఈ కట్టను కట్టిన నేను, ఒక సినిమాహాలుకు మేనేజరును. తమ్ముడు వేరే ఊళ్ళో ఉండి, ఆరేళ్ళు శ్రమపడి, రెండున్నర గంటల సినిమా ఒకటి తీసినవాడు. ఆ సినిమాలో ఏం జరుగుతుందని అడిగితే ఇద్దరం చెరొక జవాబు చెబుతాము. వివాదం అదే.

మా నాన్నగారు ముప్పై నాలుగేళ్ళు అర్జీల విభాగంలో గుమాస్తాగా పనిచేసి విరమించినవారు. మా ఇంట్లో పిల్లలకు ఏది కావలసినా నోటితో అడిగే ఆచారం లేదు. కాగితానికి ఎడమవైపు మార్జిను గీసి, వరుస సంఖ్య వేసి, అర్జీ పెట్టుకోవలసిందే. మూడు రోజుల్లో ఎర్రసిరాతో ఉత్తర్వు వచ్చేది. ఈ సంగతి ముందే మనవి చేసుకుంటే మిగతాది సులభంగా బోధపడగలదు. ఉత్తరాలను ఎక్కడా కత్తిరించకుండా జతపరిచాను. కత్తిరిస్తే ఏమవుతుందో నాకిప్పుడు తెలుసు.

*

సినిమాహాలు, ఆఫీసు గది,
టికెట్ల కిటికీ వెనుక

చిరంజీవి తమ్ముడికి అక్క ఆశీర్వదించి తెలియజేయునది:

నీ రీళ్ళ పెట్టెలు అందినవి. వచ్చే నెల మొదలు ఎనిమిది బుధవారాలు, సాయంత్రం ఆరు గంటల ఆటగా నీ సినిమా వేయుటకు నిశ్చయించడమైనది. దీన్ని తోబుట్టువు మీద ప్రేమగా పొరబడవద్దు. బుధవారం సాయంత్రం మా హాల్లో ఎలాగూ కుర్చీలు తప్ప ఎవరూ ఉండరు. వాటికి అభ్యంతరం లేదు.

నిన్న మధ్యాహ్నం నేనొక్కదాన్నే కూర్చుని మొత్తం చూశాను. నా నివేదిక ఇది. మొదటి ఇరవై నిమిషాల్లో ఒక మనిషి నిద్ర లేచాడు. అటుపైన గిన్నెలో నీళ్ళు మరిగినవి, నాలుగు నిమిషాలు. మా ఇంట్లో ఆ నీళ్ళే రోజూ టికెట్టు లేకుండా మరుగుతాయి. ఆ తర్వాత ఆ మనిషి ఆఫీసుకు నడిచాడు. దారిలో ఏమైనా అవుతుందేమోనని ఎదురుచూశాను. చేరాడు. అంతే అయింది.

ఇక అసలు విషయం. ఆఫీసులో ఆయన బల్ల ముందు కూర్చుని, ఒక తెల్లకాగితానికి మార్జిను గీస్తాడు. పదకొండు నిమిషాలు. ఒక్క గీతకు. ఏడో నిమిషంలో మా ఆపరేటరు బాబాయి తలుపు తోసుకుని వచ్చాడు. ముప్పై ఏళ్ళుగా రీళ్ళు కోసి అతికించి ‘కత్తెర బాబాయి’ అని పేరు పడ్డవాడు, తొణకని మనిషి.

“మెషీను ఆగిపోయిందేమోనని వచ్చానమ్మా” అన్నాడు.

“మెషీను బాగానే ఉంది బాబాయి. కథ ఆగిపోయింది” అన్నాను.

“అయితే అది నా డ్యూటీ కాదు” అని వెళ్ళిపోయాడు.

ఆ గుమాస్తా ఎవరని నేను అడగను. వేషం కట్టినవాడెవరైనా సరే, స్కేలును వాడే ముందు చొక్కా అంచుకు రెండుసార్లు తుడిచే మనిషిని నేను లోకంలో ఒక్కరినే ఎరుగుదును. ఆయన ప్రస్తుతం మా ఇంటి ముందుగదిలో కూర్చుని పాలవాడి లెక్కలో అక్షరదోషాలు దిద్దుతున్నారు.

పై పదకొండు నిమిషాలను రెండు నిమిషాలకు కుదించుటకు నీ అనుమతి కోరడమైనది. చివరి బస్సు ఎనిమిదిన్నరకే పోతుందని గమనించగలవు. విసుగు మీద నాకు దయ ఉంది, బస్సుకు లేదు.

ఇట్లు,
అక్క

*

ఎడిటింగు గది, మూడో అంతస్తు,
లిఫ్టు పనిచేయదు

అక్కయ్యకు నమస్కరించి వ్రాయునది:

నివేదిక అందింది. విమర్శకులు ఇంతకంటే నిర్దయగా రాశారు గాని, ఇంతకంటే సూటిగా ఎవరూ రాయలేదు.

మీ ఇంట్లో నీళ్ళు రోజూ మరుగుతాయన్నావు. నేను కాదనను. నువ్వు ఎన్నడైనా చూశావా అన్నదే నా ప్రశ్న. స్టవ్ వెలిగించి పక్కగదిలోకి పోతావు, పొంగిన చప్పుడు విని పరుగెత్తుకొస్తావు. మరగడం నీ పరోక్షంలో జరిగింది. ఆ నాలుగు నిమిషాలు నేను నీకు తెచ్చిచ్చాను. విసుగు అంటున్నావు, నేను బాకీ తీరిందనుకున్నాను.

రెండు నిమిషాలకు కుదించే ప్రతిపాదన తిరస్కరించడమైనది. కారణం అడిగితే చెప్పగలిగేది కాదు.

ఇంకొక్క మనవి, ఇది హాస్యం కాదు. నాన్నకు ఈ సినిమా సంగతి తెలియనీయవద్దు. అర్జీ 311 నీకు గుర్తుండే ఉంటుంది. ఆయన తన విభాగంలోనే ఇప్పించిన గుమాస్తా ఉద్యోగం వదిలి, సినిమాలకు వెళ్ళుటకు అనుమతి కోరుతూ నేను పెట్టుకున్నది. మన ఇంట్లో నీ చేత, నా చేత కలిపి మూడు వందల పదకొండు అర్జీలు దాఖలైతే, ఉత్తర్వు రానిది అదొక్కటే. కొట్టేసినా బాగుండేది. ఎర్రసిరాతో ‘తగదు’ అని రాసినా దాచుకునేవాణ్ణి. మూడు రోజులు చూశాను, మూడు నెలలు చూశాను, పెట్టె సర్దుకుని వచ్చేశాను. ఆరేళ్ళయింది. ఆయనకూ నాకూ పోట్లాట లేదక్కా. ఫైలు పెండింగులో ఉంది, అంతే.

ఇప్పుడాయన ఆ పదకొండు నిమిషాలు చూసి, ఏమీ అనకుండా లేచి వెళ్ళిపోతే, మరొక ఫైలును పెండింగులో మోసే ఓపిక నాకు లేదు.

ఇట్లు,
తమ్ముడు

*

సినిమాహాలు, ఆఫీసు గది,
మొదటి బుధవారం మరునాడు

చిరంజీవి తమ్ముడికి:

నిన్నటి హాజరు తొమ్మిది మంది. వివరాలు నీ ఆనందార్థం జతపరుస్తున్నాను.

కవల పిల్లల తల్లి ఒకామె వచ్చి, “ఇందులో చప్పుడు ఉండదని విన్నాను, నిజమేనా?” అని అడిగి, నిజమేనని హామీ తీసుకుని, చివరి వరుసలో రెండున్నర గంటలు నిద్రపోయింది. పోతూ, ఏడాదిలో ఇంత మంచి సినిమా చూడలేదని చెప్పింది. ఒక పెద్దమనిషి వేరే సినిమా అనుకుని వచ్చి, మధ్యలో లేస్తే బాగుండదని మొహమాటానికి కూర్చున్నాడు. ఇద్దరు కాలేజీ కుర్రాళ్ళు బయట మెట్ల మీద అరగంట వాదించుకున్నారు. ఒకడు “ఏమీ జరగలేదురా” అంటాడు. రెండోవాడు “అదేరా జరిగింది” అంటాడు. వాళ్ళను విడదీయడానికి వాచ్‌మన్ కావలసి వచ్చాడు. ఫైట్లున్న సినిమాకు కూడా మా గుమ్మంలో ఇంత ఫైటు జరగలేదు.

చెప్పుకోవలసినవారు మరొకరున్నారు. ఏడో వరుస, ఏడో సీటు. వయసు మళ్ళిన ప్రేక్షకుడు. ఆట ముగిశాక ఫిర్యాదుల పుస్తకం అడిగి తీసుకుని, ఇలా రాసి వెళ్ళారు. మక్కీకి మక్కీ ఎత్తి రాస్తున్నాను:

‘ఒకటి. సినిమాలోని గుమాస్తా స్కేలును బొటనవేలితో నొక్కిపెట్టినాడు. నాలుగు వేళ్ళతో నొక్కవలెను. లేనిచో స్కేలు కింది కొస జరుగును.

రెండు. గీత గీసిన తర్వాత స్కేలును పైకెత్తవలెను. ఇతడు పక్కకు లాగినాడు. సిరా అలుముకొనును.

మూడు. మార్జినుకు నాలుగు నిమిషములు చాలును. మిగిలిన ఏడు నిమిషములు సదరు గుమాస్తా ఏమి ఆలోచించుచుండెనో తెలియజేయలేదు.’

నువ్వు కోరినట్టు నాన్నకు నేనేమీ చెప్పలేదు. ఇది అక్షరాలా నిజం.

ఇట్లు,
అక్క

*

ఎడిటింగు గది,
లిఫ్టు ఇంకా పనిచేయదు

అక్కయ్యకు:

ఏడో సీటు మనిషి ఎవరు? ‘సదరు’ అని రాసే ప్రేక్షకులు మీ ఊళ్ళో ఎంతమంది? ఆయన కాదని రాయి. పోస్టుకార్డు చాలు.

ఆ మూడో అభ్యంతరం చదివి రెండు రోజులు పని చేయలేకపోయాను. నీకెప్పుడూ చెప్పని మాట ఒకటుంది, ఇప్పుడు చెబుతాను. అర్జీ 203 గుర్తుందా? నాకు తొమ్మిదేళ్ళు. సినిమాకు తీసుకుపొమ్మని పెట్టుకున్నాను. ఎర్రసిరాతో వచ్చిన ఉత్తర్వు ఇది: ‘సినిమా రెండున్నర గంటలు. అంతసేపు కదలక కూర్చుండగలనని అర్జీదారు ముందుగా రుజువు చేయవలెను.’ మరునాడు ఆదివారం. నన్ను ఆయన బల్లకెదురుగా కుర్చీ వేసి కూర్చోబెట్టారు. నువ్వు వచ్చి కిటికీలోంచి వెక్కిరించి పోయావు.

ఆయన ఇంటికి తెచ్చుకున్న కాగితాలకు మార్జిన్లు గీసుకుంటూ కూర్చున్నారు. మొదటి అరగంట నాకు ఏడుపొచ్చింది. తర్వాత ఏడుపు కూడా విసుగెత్తింది. ఆ తర్వాత, అక్కా, ఆయన కనిపించడం మొదలుపెట్టారు. గీత అయ్యాక ఆయన వెంటనే రెండో కాగితం తీయరు. కలం పట్టుకుని అలా ఉంటారు. కనుబొమ కొద్దిగా లేస్తుంది. పెదవి కదులుతుంది. నోట్లో ఎవరితోనో మాట్లాడి, మళ్ళీ మానేస్తారు. అంతకుముందు తొమ్మిదేళ్ళలో నేనాయన్ను అంతసేపు చూడలేదు. ఇంట్లో అందరం ఆయన ఉత్తర్వులు చదివేవాళ్ళమే గాని, ఆయన్ను ఎవరం చదివాం?

పరీక్ష నెగ్గాను. సినిమాకు తీసుకెళ్ళారు. మూడు ఫైట్లు, ఆరు పాటలు. ఒక్కటీ గుర్తులేదు. నేను చూసిన మొదటి సినిమా అంతకుముందు రోజుది.

కాబట్టి ఆ ఏడు నిమిషాలు సదరు గుమాస్తా ఏం ఆలోచిస్తున్నాడో నాకూ తెలియదని ఏడో సీటు వారికి తెలియజేయగలవు. తెలిస్తే సినిమా తీయనవసరం లేకపోయేది.

ఇట్లు,
తమ్ముడు

*

సినిమాహాలు, ఆఫీసు గది,
ఐదో బుధవారం మరునాడు

చిరంజీవి తమ్ముడికి:

పోస్టుకార్డు దొరకనందున నీ ప్రశ్నకు జవాబు పంపలేకపోయాను.

ఏడో సీటు ప్రేక్షకుడు ఐదు వారాలూ వచ్చారు. కవలల తల్లి నాలుగో వారం పొరపాటున మెలకువగా ఉండిపోయింది. బయటికొచ్చి, “ఆ పెద్దాయన గీత గీశాక ఆగాడే, ఎందుకో నాకు మా అత్తగారు గుర్తొచ్చింది, ఆవిడతో నేనసలు మాట్లాడను” అని, ఇంటికి వెళ్ళకుండా అత్తగారింటికి వెళ్ళింది. ఫలితం తెలియరాలేదు.

నా విషయానికొస్తే, ఆదివారం పొద్దున స్టవ్ మీద నీళ్ళు పెట్టి, నిన్ను ఓడించాలనే సదుద్దేశంతో అక్కడే నిలబడ్డాను. నీళ్ళు మరగడానికి ముందు గిన్నె అడుగున ఇసుక రాలినట్టు ఒక చప్పుడు వస్తుంది. నాకు నలభై నాలుగేళ్ళు. ఆ చప్పుడు ఇప్పుడే విన్నాను. నువ్వు నెగ్గావని దీనికర్థం కాదు. స్టవ్ నెగ్గింది.

అయినా ఆ పదకొండు నిమిషాలు ఎక్కువే. నేను మేనేజరును, బస్సు కూతపెడితే ప్రేక్షకుల మెడలు ఎటు తిరుగుతాయో నాకు కనిపిస్తుంది.

ఇట్లు,
అక్క

*

ఎడిటింగు గది,
లిఫ్టు బాగైంది, నేను దిగిపోవడానికి కాబోలు

అక్కయ్యకు:

నీదే గెలుపు. నిన్న ఇక్కడ సినిమాలు కొనేవాళ్ళు ముగ్గురు చూశారు. మార్జిను దగ్గర ఒకరు ఫోను తీశారు, ఒకరు చెప్పులు వెతుక్కున్నారు. మూడోవారు నిద్రలో నా భుజం మీద వాలారు, వారే నయం. “బాబూ, ఇది సినిమానా, వెయిటింగు రూమా?” అని అడిగి వెళ్ళారు.

ఆ పదకొండు నిమిషాలను రెండు చేయించు. కత్తెర బాబాయికి చెప్పు, ఆయన చెయ్యి మంచిది. వచ్చే నెల నుంచి ప్రకటనలు తీసే కంపెనీలో చేరుతున్నాను. ముప్పై సెకన్లకు పదిహేడు కత్తిరింపులు. సబ్బు ఏం ఆలోచిస్తుందో ఎవరూ అడగరు.

ఏడో సీటు ఎవరని ఇక అడగను. నాన్న అయితే ఐదు వారాల్లో ఒక్క మాట వచ్చేది. రాలేదంటే, ఆయన కాదు. లేక ఆయనే. ఏదైనా ఒకటే.

ఇట్లు,
తమ్ముడు

*

సినిమాహాలు, ఆఫీసు గది,
ఏడో బుధవారం మరునాడు

చిరంజీవి తమ్ముడికి అక్క తెలియజేయునది, తాపీగా కూర్చుని చదువు:

నీ అనుమతి ప్రకారం కత్తెర బాబాయి తొమ్మిది నిమిషాలు కోసి, చుట్టచుట్టి, బిస్కెట్ల డబ్బాలో పెట్టాడు. నిన్న కుదించిన సినిమా వేశాము. పదకొండు మంది. మార్జిను రెండు నిమిషాల్లో ముగిసింది. ఎవరూ మెడ తిప్పలేదు. నేను కోరుకున్నది సరిగ్గా అదే.

ఆట ముగిశాక టికెట్ల కిటికీలోంచి ఒక చెయ్యి లోపలికి వచ్చింది. కిటికీ చిన్నది, చెయ్యి తప్ప మనిషి కనిపించడు. ఆ చూపుడువేలి మీద ఎర్రసిరా మరక ఉంది. ఏడు వారాలుగా ఆ చేతికే టికెట్టు ఇస్తున్నాను. తెలియనట్టు ఆయనా, తెలియనట్టు నేనూ. క్షవరానికి వెళ్తున్నానని చెప్పి బుధవారం బుధవారం ఇంట్లోంచి బయల్దేరేవారు. నెత్తిన చూద్దామంటే పది వెంట్రుకలు లేని మనిషికి వారానికొక క్షవరం. నేను నీకు మాటిచ్చినట్టే ఆయనకేమీ చెప్పలేదు. నీ సినిమా పోస్టర్ల చుట్ట ఇంట్లో మరచిపోయాను, అంతే. మరచిపోవడం నేను చాలా జాగ్రత్తగా చేసే పని.

“మిగతా తొమ్మిది నిమిషాలు ఏవి?” అంది చెయ్యి.

“ఏ తొమ్మిది నిమిషాలు నాన్నా? మీరు క్షవరానికి కదా వెళ్ళింది?”

“క్షవరం అయింది. నాకు కాదు, సినిమాకు. ఎవరు చేశారు?”

“మీ అబ్బాయే చెయ్యమన్నాడు. ఎవరికీ నచ్చడం లేదట.”

“నచ్చలేదని ఎవరన్నారు? నేను అభ్యంతరాలు రాశాను. అభ్యంతరం రాశానంటే ఫైలు చదివానని” అన్నారు.

లోపలికి రమ్మన్నాను. అర్జీ 203 గురించి నువ్వు రాసిన ఉత్తరం బల్ల మీదే ఉంది. టీ తెస్తానని లేచాను. మన హాల్లో ఆ వేళకు టీ దొరకదు. ఆయనకూ తెలుసు. వరండాలో నిలబడి అద్దంలోంచి చూశాను.

ఉత్తరం రెండుసార్లు చదివారు. తెల్లకాగితం తీశారు. నా స్కేలు తీసుకుని, చొక్కా అంచుకు రెండుసార్లు తుడిచి, నాలుగు వేళ్ళతో నొక్కి మార్జిను గీశారు. స్కేలు పైకెత్తారు, లాగలేదు. గడియారం చూశాను, నాలుగు నిమిషాలు. తర్వాత కలం పట్టుకుని అలా ఉండిపోయారు. కనుబొమ లేచింది. పెదవి కదిలింది. చివరి బస్సు కూతపెట్టి వెళ్ళిపోయింది. నేను మెడ తిప్పలేదు.

ఏడు నిమిషాలు, తమ్ముడూ. లెక్క సరిపోయింది. విసుగు పుట్టిందా అని విచారిస్తే, లేదు అని ఇందుమూలంగా ధ్రువీకరిస్తున్నాను.

ఆ తర్వాత రాశారు. ముద్ర వెయ్యమని నాకిచ్చారు. మా హాలు ముద్రే వేసి జతపరుస్తున్నాను.

ఇట్లు,
అక్క

*

అర్జీ సంఖ్య: 312

అర్జీదారు: విశ్రాంత గుమాస్తా, అర్జీల విభాగము. ప్రస్తుతము ఏడో వరుస, ఏడో సీటు.

పై సినిమా తీసినవారికి,

అయ్యా,

అర్జీ 203 కింద ఒక బాలుని రెండున్నర గంటలు కుర్చీలో కూర్చుండబెట్టిన మాట వాస్తవము. బాలుడు గోడ వైపు చూచుచున్నాడని ఆనాడు అనుకొంటిని. నా వైపు చూచుచున్నట్లు నేడే తెలిసినది.

అర్జీ 311 పోలేదు. నా బల్ల సొరుగులో ఉన్నది. మంజూరు అని రాసినచో వాడు వెళ్ళిపోవును. తగదని రాసినచో చెప్పకనే వెళ్ళిపోవును. పెండింగులో ఉంచినచో, ఉత్తర్వు కొరకైనా తిరిగి వచ్చునని తలచితిని. ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో నేను తొక్కిపెట్టిన ఫైలు అదొక్కటే. అది పద్ధతి కాదు.

కావున ఈ దిగువ కోర్కెలు దాఖలు చేయడమైనది:

1. కత్తిరించిన తొమ్మిది నిమిషములను వచ్చే బుధవారము ఆటలోగా యథాస్థానమున అతికించవలెను. చివరి బస్సు ప్రసక్తి వద్దు. నేను నడిచి పోగలను.

2. నా మూడవ అభ్యంతరమును ఉపసంహరించుకొనుచున్నాను. గుమాస్తా ఏమి ఆలోచించుచుండెనో సినిమాలో తెలియజేయనక్కరలేదు. అడిగినచో గుమాస్తాయే చెప్పగలడు.

3. అర్జీ 311పై ఉత్తర్వు సిద్ధముగా ఉన్నది. తపాలాలో పంపబడదు. అర్జీదారు స్వయముగా బుధవారము సాయంత్రము ఆరు గంటలకు, ఏడో వరుస, ఎనిమిదో సీటులో హాజరై తీసుకొనవలెను. వచ్చునప్పుడు స్కేలు తెచ్చుకొనవలెను.